కానరాని నెచ్చెలి: తెలుగు స్త్రీల లేఖలలో సంసారపు ముచ్చట

ఆంధ్ర వాఙ్మయమున లేఖలను గూర్చి విచారించినవారు సాధారణముగా రెండు తెగల లేఖలను గ్రహించిరి. రాజకార్యములకు సంబంధించిన పత్రములు దేశచరిత్రకు ఉపకరించినవి; కవిపండితులు ఒండొరులకు వ్రాసికొన్న జాబులు సాహిత్యచరిత్రకు ఉపకరించినవి. ఈ రెంటికిని చెందని మూడవ తెగ ఒకటి కలదు. పిల్లవానికి మూడు దినములుగా జ్వరము తగ్గలేదనియు, నెలాఖరునకు బియ్యము చాలునో చాలదో యనియు, ఈ యేటి పండుగకైనను అనుకొన్న చీర కొనగలనో లేదో యనియు ఒక యిల్లాలు మఱియొక యిల్లాలికి చెప్పుకొన్న మాటలు ఆ తెగలోనివి. వీనిని వాఙ్మయమని పేర్కొనుటకే కొందరు సందేహింతురు. అయినను ఆధునిక కాలమున తెలుగు స్త్రీ తన మాటను ఎవరితో చెప్పుకొనగలిగినది, ఏ రూపమున చెప్పుకొనగలిగినది అను ప్రశ్నకు సమాధానము ఈ తెగయందే వెదకవలసి యున్నది.

ఈ విషయమున ముందుగా గుర్తింపవలసినది ఒకటి కలదు. స్త్రీకి అక్షరములు వచ్చిన తోడనే ఈ మాటలు కాగితము మీదికి రాలేదు. స్త్రీల కొఱకు తెలుగున తొలి పత్రిక వెలసిన 1883 నుండి, ఒక స్త్రీ తన నేస్తురాలికి జాబు వ్రాయుచున్నట్లుగా నెలనెల అచ్చులో కనిపించిన 1928 వఱకు నలుబదియైదేండ్లు గడచినవి. ఆ నడిమి కాలమున స్త్రీ వ్రాయుట నేర్చినది. కాని ఆమె వ్రాయవలసినది భర్తకని అందఱును తలచిరి.

ప్రాచీన కావ్యములలో నేస్తురాలికి కొదువలేదు. ప్రబంధనాయిక పక్కన చెలికత్తె ఉండియే తీరును. అయితే ఆ చెలికత్తె వినునది విరహవేదన మాత్రమే. చంద్రుని నిందించుటకును, మన్మథుని దూఱుటకును, చల్లని ఉపచారములు చేయించుకొనుటకును ఆమె తోడు. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామకు పూవు సంగతి తెచ్చి చెప్పినది చెలికత్తెయే. అది సవతి పోరు గనుక ఇంటి పోరే యని వాదింపవచ్చును. కాని ఆ ద్వారకలో నూనె నిండుకొన్న యిల్లు లేదు. కావ్యములోని సఖికి తనదంటూ సంసారమే లేదు. వినుటయే ఆమె వృత్తి. ఇట్టి సఖీభావమునుండి మనము వెదకుచున్న స్నేహము పుట్టినదనుట కష్టము.

పుట్టుచోటు పాటలలో ఉన్నది. తిరుగటి పాటలు, రోకటి పాటలు, బతుకమ్మ పాటలు, ఇండ్లలో స్త్రీలు పాడుకొన్న రామాయణపు పాటలు ఇందుకు సాక్ష్యము. ‘సీత గడియ’ అను పాటలో సీత ఆలసించి వచ్చినదని రాముడు గదికి గడియ వేసికొనును; ఆమె పోయి అత్తగారితో చెప్పుకొనును. ‘ఊర్మిళాదేవి నిద్ర’లో పదునాలుగేండ్ల యెడబాటు ఒక స్త్రీ వైపునుండి చెప్పబడినది. పాడునామె తన అలుకను సీతకును, తన ఒంటరితనమును ఊర్మిళకును ఒప్పగించినది. తనదని చెప్పక తన మాట చెప్పుకొను ఉపాయమిది. తిరుగలికి ఇరువైపుల కూర్చున్న యిద్దఱు ఒకే పిడిని పట్టుకొని త్రిప్పుదురు. ఒకరు పాడిన మాట రెండవవారికి అర్థమగును. వినునామె కన్నుల ఎదుట ఉన్నది కనుక పేర్లు చెప్పనక్కఱ లేదు, వివరము చెప్పనక్కఱ లేదు.

ఎదుటనున్న నేస్తురాలు దూరమైనపుడు ఈ ఉపాయము చెల్లలేదు. ఆడుపిల్ల అత్తవారింటికి పోవుట కొత్త కాదు. కాని పూర్వము ఆ యిల్లు పెక్కుమారులు ప్రక్క యూరిలోనే ఉండెడిది. పంతొమ్మిదవ శతాబ్ది చివర ఉద్యోగములు కుటుంబములను తాలూకా కేంద్రములకును, జిల్లా కేంద్రములకును, చెన్నపురికిని, బరంపురమునకును, సముద్రము దాటి రంగూనునకును త్రిప్పినవి. 1900లో గోదావరిపై రైలు వంతెన తెఱచుటతో ఉత్తర సర్కారులును చెన్నపురియు ఒకే దారిన కలిసినవి. అదే రైలు జాబులను మోసినది. 1879లో పావు అణా కార్డు వచ్చినది. మూసిన జాబునకు అప్పుడు కనీసము అర్ధణా పడెడిది.

కార్డు చౌక. కాని అది మూతలేని జాబు. తపాలా బంట్రోతు మొదలు వీధి అరుగుపై కూర్చున్న మామగారి వఱకు ఎవరైనను చదువవచ్చును. 1901 జనాభా లెక్కలలో దేశము మొత్తము మీద అక్షరములు వచ్చిన స్త్రీలు నూటికి ఒకరైనను లేరు. 1951 నాటికిని నూటికి సుమారు తొమ్మండుగురే. కనుక పెక్కండ్రు ఆడువారి జాబులు ఇంకొకరి చేతిమీదుగా నడిచినవి. కోడలు పుట్టింటికి వ్రాయింపవలెనన్న మఱదియో, బడికి పోవు పిల్లవాడో, తపాలా వాడో వ్రాయవలెను. అత్తవారింటి కష్టమును అత్తవారింటి చేతితోనే వ్రాయించుట ఎట్లు? అవతలి యింటను అంతే. తల్లికి చదువు రాదు కనుక జాబును తండ్రియో అన్నయో బిగ్గఱగా చదివెదరు. తల్లీకూతుండ్ర నడుమ ఇద్దఱు ముగ్గురు మగవారు కూర్చున్న జాబులో ఏమి చెప్పుకొనగలరో ఊహింపవచ్చును.

ఆ కాలపు గృహలేఖల మర్యాదను కూడ ఇచట చూడవలెను. జాబు సంబోధనలోనే స్త్రీ స్థితి యంతయు తేలిపోవును. సువాసిని ‘లక్ష్మీ సౌభాగ్యవతి’. భర్తను కోల్పోయినామె ‘గంగాభాగీరథీ సమానురాలు’. కుశలప్రశ్నకు ముందే ఆమె వైధవ్యమును జాబు తలకట్టు ప్రకటించును. పిమ్మట ‘ఇచట అందఱము క్షేమము, అచట మీ యందఱి క్షేమమునకు వ్రాయవలెను’ అను తీరు మాట. ‘ఉభయకుశలోపరి’ అని ముగించిన పిదప గదా విషయము మొదలుపెట్టుట! అందఱును క్షేమమని మొదటి పంక్తిలోనే సంతకము చేసిన చేయి మూడవ పంక్తిలో పిల్లవాని జ్వరమును ఎట్లు వ్రాయును? వ్రాసిరి, కాని ‘కొంచెము నలతగా నున్నది, భయము లేదు’ అని వ్రాసిరి. ఈ కుశలవాక్యమును వట్టి ఆచారముగా కొట్టివేయుట సరికాదని నా అభిప్రాయము. దూరముననున్నవారిని కలవరపెట్టరాదను దయ దానియందున్నది. అదే దయ నోటికి తాళము కూడ అయినది.

తాళము తీసి వ్రాసిన జాబులు లేకపోలేదు. అక్షరములు వచ్చిన అక్కచెల్లెండ్రు, ఒకే బడిలో చదివిన నేస్తురాండ్రు దాపఱికము లేక వ్రాసికొన్నారు. ఆ జాబుల చివర తఱచుగా కనిపించు వాక్యము, తెలుగిండ్ల పెద్దలందఱును ఎఱిగినది, ‘చదివి చింపివేయుము’ అనునది. చెప్పినట్లు చింపివేసిరి. క్షేమసమాచారపు కార్డులు మాత్రము దూలమునకు వ్రేలాడు ఇనుప తీగకు గ్రుచ్చబడి ఏండ్ల తరబడి నిలిచినవి. కావున నేడు మన చేతికి దొరకు గృహలేఖలను చూచి ‘ఆనాటి స్త్రీలకు చెప్పుకొనుటకు ఏమియు లేదు’ అని గాని, ‘వారు సంతుష్టిగా నుండిరి’ అని గాని నిర్ణయించుట పెద్ద పొరపాటు. చెప్పదగినది చెప్పిన జాబు చినిగిపోయినది. ఏమియు చెప్పని జాబు మిగిలినది.

ఇట్లు చేతి జాబు చెప్పలేక పోయినదానిని, చెప్పినను దాచలేక పోయినదానిని అచ్చుపత్రిక ఎట్లు గ్రహించినది? 1883లో వీరేశలింగము పంతులుగారు స్థాపించిన సతీహితబోధిని పేరులోనే దాని పద్ధతి తెలియును. అది హితబోధ. సత్యవతీ చరిత్రము వంటి రచనలలో ఆయన ఇంటి పనులను, శిశుపోషణమును, కోడలి నడవడిని విషయములుగా గ్రహించుట గొప్ప సంగతియే. అంతకు ముందు ఇవి గద్యరచనకు తగిన విషయములని తలచినవారు అరుదు. అయితే అందు పలుకునది ఉపాధ్యాయుడు. స్త్రీ వినును. ఆమెకు సందేహము కలిగినచో తీర్చుటకు ఆయన యున్నాడు. ఆమెకు దిగులు కలిగినచో పంచుకొనుటకు ఎవరును లేరు.

1902లో సత్తిరాజు సీతారామయ్యగారు నెలకొల్పిన హిందూసుందరి, మోసలికంటి రామాబాయమ్మ మొదలగు స్త్రీల సంపాదకత్వమున నడచుటతో, స్త్రీలు స్త్రీలను ‘సోదరీ’ యని పిలిచి వ్రాయుటకు చోటు ఏర్పడినది. 1904లో పులుగుర్త లక్ష్మీనరసమాంబ సావిత్రిని నడిపిరి. ఈ పత్రికలలో వాదములు కలవు, ప్రతివాదములు కలవు, పద్యములు కలవు, వంటలు కలవు. మనకు ముఖ్యమైనది బండారు అచ్చమాంబ రచనలు. 1902లో ఆమె ప్రకటించిన ‘ధనత్రయోదశి’లో దీపావళి నాటి పేద సంసారము కలదు. చేతిలో కాసులేక, యజమాని సొమ్మునకు చేయి చాచిన భర్తను భార్య సరిదిద్దును. పండుగ రాగానే పేద యింట పుట్టు దిగులును వస్తువుగా గ్రహించిన రచన ఇది. నీతి ఎంత ఉన్నను ఆ దిగులు నిజమైనది. అదే యేట వెలువడిన ‘స్త్రీవిద్య’ మన విషయమునకు మఱింత దగ్గఱ. భర్త చెఱసాలకు పోవలసి వచ్చినపుడు భార్యను చదువును, వ్రాతను నేర్చుకొమ్మని చెప్పు సంభాషణమది. చదువు ఎందుకనగా జాబులు వ్రాసికొనుటకు. ఎవరికనగా భర్తకు.

ఎనిమిదేండ్ల తరువాత, 1910లో, గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’లో కమలిని వ్రాసిన జాబు కథకు కీలకమైనది. ఆమె చదువుకొన్నది, జాబుతో భర్తకు బుద్ధి చెప్పినది. అచ్చమాంబ కథలో జాబు భర్తయెడబాటును తీర్చు సాధనము. గురజాడ కథలో భర్తను దిద్దు సాధనము. రెంటను చిరునామా ఒకటే. స్త్రీవిద్యను సమర్థించినవారు పెక్కండ్రు ఈ చిరునామాను చూపియే సమర్థించిరి. వారి ఉపాయమును తప్పుపట్టుటకు వీలులేదు. ‘కూతురు చదివినచో తన నేస్తురాలితో కష్టసుఖములు చెప్పుకొనును’ అనియుండినచో ఆ తండ్రులు ఆమెను బడికి పంపియుందురా?

ఈ చిరునామా మార్పునకు స్పష్టమైన సాక్ష్యము గృహలక్ష్మి పత్రిక. దీనిని 1928లో డాక్టరు కె. ఎన్. కేసరిగారు చెన్నపురినుండి ప్రారంభించిరి. కేసరిగారు స్త్రీల వ్యాధులకై ‘లోధ్ర’ అను మందును అమ్మి ఆర్జించినవారు. ఇది అప్రస్తుతము కాదు. మగ వైద్యునితో చెప్పుకొనలేని బాధ కలవారు దేశమున ఎందఱున్నారో తెలిసిన వర్తకుడు వారి కొఱకు పత్రిక పెట్టుట సహజమే. ఆ పత్రికలో కనుపర్తి వరలక్ష్మమ్మ 1928 నుండి ఆఱేండ్లు ‘శారద లేఖలు’ వ్రాసిరి. శారద అను స్త్రీ కల్పలత అను నేస్తురాలికి వ్రాయు జాబులవి. 1934లో పుస్తకముగా వెలువడినవి. కేసరిగారు నెలకొల్పిన గృహలక్ష్మీ స్వర్ణకంకణమును మొదట అందుకొన్నది కూడ వరలక్ష్మమ్మగారే.

వరలక్ష్మమ్మ 1896లో బాపట్లలో జన్మించిరి. శారదకు ముందు ఆమె ఆంధ్రపత్రికలో లీలావతి అను పేరుతో ‘మా చెట్టునీడ ముచ్చట్లు’ వ్రాసిరి. ఈ రెండు శీర్షికలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక చరిత్ర కనిపించును. మొదటిది చెట్టునీడ: వచ్చినవారు ఎదురెదుట కూర్చుందురు, ఎవరెవరో అందఱికిని తెలియును. రెండవది లేఖ: వ్రాయునామె ఒకచోట, చదువునామె ఇంకొకచోట. తిరుగలి పిడిని పట్టిన యిద్దఱును రైలు దారికి చెరియొక కొనకు పోయిన తరువాత వారికి తగిన రూపమును ఒకే రచయిత్రి తన చేతులతో మార్చి పట్టుకొన్నది.

శారద చర్చించు విషయములు పెక్కు పెద్దవి. బాల్యవివాహములు, స్త్రీవిద్య, ఖద్దరు, స్త్రీల ఆస్తిహక్కు, మూఢాచారములు. 1929లో హరవిలాస శారదా గారి పేర ప్రసిద్ధమైన శాసనము పెండ్లికి బాలికకు పదునాలుగేండ్లు, బాలునికి పదునెనిమిదేండ్లు నిండవలెనని నిర్ణయించినది. 1930 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చినది. ఆ దినములలో ‘శారద’ అను మాట రెండు విధముల తెలుగిండ్లలో వినబడినదనవచ్చును. ఈ విషయములను చూచి కొందఱు ‘ఇవి లేఖలు కావు, వ్యాసములు, లేఖారూపము పైపూత’ అందురు. ఈ ఆక్షేపణలో కొంత నిజము కలదు. శారద అప్పుడప్పుడు సభలో నిలుచున్నట్లే మాటలాడును. పంతులుగారి హితబోధ ఛాయ పూర్తిగా తొలగలేదు. అయినను రూపమును పైపూత యనుటకు నేను సమ్మతింపను. పదునాలుగేండ్ల ప్రశ్న సభలో ఒక శాసనము. నేస్తురాలి జాబులో అది ‘మన పిల్లను ఏమి చేయుదము’ అను దిగులు. శాసనమును మెచ్చుకొన్న తల్లియే ‘ఇరుగుపొరుగు ఏమందురో’ యని నిద్ర మానవచ్చును. ఆ రెండును ఒకే మనసులో ఉండుటకు ఉపన్యాసమున చోటులేదు. స్నేహితురాలికి వ్రాసిన జాబున చోటు కలదు. సంస్కరణ గడప దాటి లోనికి వచ్చుటకు ఈ దారి ఏర్పడినది.

మఱియొక విశేషము. గృహలేఖ మర్యాదలోని సంబోధనలు ఈ జాబులకు బంధనము కావు. కల్పలత సువాసినియో కాదో ముందుగా ప్రకటింపనక్కఱ లేదు. ఆమె నేస్తము, అంతే. వయసును, వైధవ్యమును, కలిమిలేములను ప్రక్కకుపెట్టి కేవలము పేరుపెట్టి పిలువగలిగిన బంధమును తెలుగు లేఖ ఇట్లు సంపాదించుకొన్నది. కల్పలతను ఎవరును చూడలేదు గనుక ఏ యూరి పాఠకురాలైనను తానే కల్పలతనని తలచుటకు అడ్డులేదు. చూడని నేస్తురాలిలో ఈ సుగుణము కలదు: ఆమె మన అత్తగారికి చుట్టము కాదు, మన వీధిలో ఉండదు, మన మాట తిరిగి మన యింటికి చేరదు. కాని పుస్తకము పేరులో శారద మాత్రమే కలదు. కల్పలత పేరు అట్టమీదికి రాలేదు. స్నేహమున ఇద్దఱు ఉండవలెను గదా.

ఈ కొఱత తరువాతి కాలమున ఇంకొక రీతిని తీరినది. 1950లో ఇన్‌లాండు జాబు వచ్చినది. తక్కువ ధరకు మడిచి అంటింపదగిన కాగితము సామాన్య గృహిణి చేతికి చిక్కినది. దాదాపు అప్పుడే, 1952లో, మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనము’ ప్రారంభించిరి. పాఠకురాండ్రు వ్రాసిరి, ఆమె బదులు వ్రాసిరి. ఇది నలుబదియేండ్లకు పైగా సాగినది. వంట మొదలు దాంపత్యము వఱకు అడుగని సంగతి లేదు. కల్పలతకు నోరు వచ్చినది. ప్రశ్నోత్తర శీర్షికలలో ప్రశ్నకు దక్కు చోటు తఱచుగా ఒకటి రెండు పంక్తులే; నాలుగు పుటల దిగులు అచ్చునకు వచ్చుసరికి ‘నాకు ఇట్లున్నది, ఏమి చేయవలెను’ అని మిగులును. నేస్తురాలు సలహాదారుగా మాఱినది. సలహా అవసరమే; కాని చెప్పుకొనువారందఱును సలహా కొఱకే చెప్పుకొనరు. కొందఱు ఊరక చెప్పుకొందురు. కుట్టుమిషను కొనుక్కొనవలెనను కోరికకు సమాధానమేమి యుండును?

ఇంటి ముచ్చటకు పత్రికలలో గిరాకి ఎంత పెరిగినదో తెలియుటకు ఇంకొక సాక్ష్యము చాలును. ఆంధ్రజ్యోతి వారపత్రికలో పురాణం సీత పేరుతో వెలువడి విశేషముగా ఆదరింపబడిన ‘ఇల్లాలి ముచ్చట్లు’ వ్రాసినది పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు. రచన సరసమైనది, నేటికిని చదువదగినది. కాని ఇల్లాలి గొంతును మగవారు తొడుగుకొనుటకు ఇష్టపడు కాలము వచ్చినదని దీనివలన తెలియుచున్నది. 1883లో ఆ గొంతునకు హితబోధ చేయవలసిన దానిగా మాత్రమే విలువ ఉండెను.

ఇక పరిశోధక విద్యార్థులు చేయవలసిన పని. స్త్రీల పత్రికల సంపుటములను చదువునపుడు మనము సంపాదకీయములను, కథలను, వాదములను ఎత్తి వ్రాసికొనుచున్నాము. చందాదారుల జాబులను, చివరి పుటలలోని చిన్న ప్రశ్నలను, మందుల ప్రకటనలను విడిచిపెట్టుచున్నాము. విడిచినవానిలోనే కల్పలత ఉన్నది. ఇండ్లలో మిగిలిన జాబులను వెదకుట రెండవ పని. పాత యిండ్లు పడగొట్టునపుడు తీగకు గ్రుచ్చిన జాబులు చెత్తతో పోవుచున్నవి. నేటి స్త్రీలు తమ దిగుళ్ళను చేతిఫోనులో చెప్పుకొనుచున్నారు. ఆ ఫోను చెడినపుడు అవియు పోవుచున్నవి. కాగితపు జాబుల గతి ఇంతకంటె మేలుగా నుండినదని అనుకొనరాదు.

ఇందు ఒక ధర్మసందేహము కలదు. ‘చదివి చింపివేయుము’ అని వ్రాసియుండగా చింపక దాచిన జాబు దొరికినచో పరిశోధకుడు ఏమి చేయవలెను? వ్రాసినామె నిషేధించినది, దాచినామె ఆ నిషేధమును మీఱినది. ప్రేమచేతనే మీఱి యుండవచ్చును. నా దృష్టిలో అట్టి జాబును చదువవచ్చును, కుటుంబము సమ్మతించినచో నకలు తీయవచ్చును, కాని పేర్లతోను ఊళ్ళతోను అచ్చువేయరాదు. శారదవలె మాఱుపేరు పెట్టుట మన భాషలో ఉన్న పద్ధతియే. నకలు తీయునపుడు ఎవరి చేతివ్రాతయో, ఒకే జాబులో వ్రాత మాఱినదేమో చూడవలెను. మఱది వ్రాసిన జాబు అడుగున కోడలు తానుగా కూడబలుకుకొని చేర్చిన రెండు పంక్తులు మొత్తము జాబుకంటె విలువైనవి కావచ్చును. తేదీ లేని కార్డులకు చిరునామా ప్రక్కనున్న తపాలా ముద్రయే ఆధారము. దానిని మొదట ఎత్తి వ్రాసికొనవలెను, తేమకు ముందుగా చెరగిపోవునది అదియే.